మా ఇంటి కింద సంపు

మా ఇంట్లో పూజ గది నిజానికి గది కాదు. హాల్లోంచి పడక గదులకి వెళ్ళే దారిలో కోట్లు తగిలించుకోవడానికి కట్టిన చిన్న అల్మరా. పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది చేసే పనే మేమూ చేశాం. తలుపులు తీసేసి, లోపల లైటు పెట్టించి, విజయవాడ నుంచి తెచ్చుకున్న టేకు మందిరాన్ని అందులో అమర్చుకున్నాం. ముందు కార్పెట్ మీద పీట వేసుకున్నాం. ఆ కార్పెట్ కింద ఒక చెక్క మూత ఉందని, అది తీస్తే ఇంటి అడుగుకి దారి ఉంటుందని ఇల్లు కొన్న ఏడాదిన్నర దాకా నేను పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సిన రోజు 2022 డిసెంబర్ 31. ఆ రోజు కురిసిన వాన బే ఏరియాలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక్క రోజులో 5.46 అంగుళాలు. నూట డెబ్భై ఏళ్ళకు పైగా రాసిపెట్టిన లెక్కల్లో అది రెండో అతి పెద్ద వాన. మా వైపు నైల్స్ కాన్యన్ రోడ్డు మూసేశారు. మా ఆయన మామయ్యగారి గుండె ఆపరేషన్ కోసం గుంటూరు వెళ్ళి ఉన్నారు. మర్నాడు పొద్దున్నే లివర్‌మోర్ గుడికి వెళ్దామని పిల్లలతో అనుకున్నది మానేసి, పకోడీలు వేసుకుని కూర్చున్నాం.

మధ్యాహ్నం మూడున్నరకి తలుపు చప్పుడైంది. ఎదురింటి పెద్దావిడ. ఎనభై దాటిన మనిషి, 1960ల నుంచి ఆ ఇంట్లోనే ఉంటున్నారు. గొడుగు కూడా సరిగ్గా ఆగడం లేదు, తడిసిపోయారు. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలోనే నిలబడి, "నీ పంపు పనిచేస్తోందా అమ్మాయ్? మీ ఇంటి ముందు పైపులోంచి నీళ్ళు రావడం లేదు" అన్నారు.

"ఏ పంపు?" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి ఒక్క క్షణం చూసి, "ఇంటి కింద పంపు" అన్నారు.

మందిరం జరపాల్సి వచ్చింది. పటాలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. మందిరాన్ని మా అమ్మాయీ నేనూ చెరో పక్కా పట్టుకుని హాల్లోకి లాగాం. కార్పెట్ మూల ఎత్తి, స్క్రూ డ్రైవర్‌తో మూత పైకి లేపాను. ముందు వాసన కొట్టింది. తర్వాత టార్చి వేస్తే నా మొహం నాకే కనిపించింది. ఇంటి కింద నీళ్ళు, కదలకుండా, అద్దంలాగా. దూలాల నుంచి వేలాడుతున్న హీటర్ డక్టుల అడుగు ఆ నీళ్ళలో తేలుతోంది.

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. కాలిఫోర్నియాలో 1950లు, 60ల నాటి ఇళ్ళు చాలావరకు నేల మీద కూర్చుని ఉండవు. చుట్టూ కాంక్రీటు పునాది గోడ, మధ్యమధ్యలో చిన్న దిమ్మెలు, వాటి మీద చెక్క దూలాలు, వాటి మీద మన గచ్చు. కింద మట్టికీ దూలాలకీ మధ్య అడుగున్నరో, రెండడుగులో ఖాళీ. అదే క్రాల్ స్పేస్. పేరుకి తగ్గట్టే, పాక్కుంటూ తప్ప వెళ్ళలేం. నీళ్ళ పైపులు, హీటర్ డక్టులు, కరెంటు తీగలు అన్నీ అక్కడే ఉంటాయి. గోడకి అక్కడక్కడా జాలీ పెట్టిన కిటికీల్లాంటివి ఉంటాయి, గాలాడడానికి. చాలాచోట్ల లోపలి మట్టి బయటి నేల కన్నా పల్లంగా ఉంటుంది. అంటే, ఇంటి చుట్టూ చేరిన నీటికి అది సిద్ధంగా తవ్వి పెట్టిన గుంట.

మాది 1959లో సెంటర్‌విల్ వైపు కట్టిన ఇల్లు. మేము కొన్నది 2021లో. ఆ ఏడాది ఇళ్ళ కోసం ఎంత పోటీ పడ్డామో మీకూ గుర్తుండే ఉంటుంది. అడిగిన ధర మీద లక్షలు పెంచి, షరతులన్నీ వదులుకుని కొన్నాం. ఆ అక్టోబర్‌లో పెద్ద వాన పడ్డప్పుడు మొదటిసారి వాసన వచ్చింది. తడి గోనెసంచి మూల పడేసినట్టు ఉండే వాసన. "పాత ఇల్లు కదా, ఉంటుందిలే" అన్నారు మా ఆయన. నేను పూజ దగ్గర సాంబ్రాణి ఎక్కువ వేయడం మొదలుపెట్టాను. అమ్మాయికి రాత్రిళ్ళు దగ్గు మొదలైతే డాక్టర్ చుట్టూ తిరిగాను, దుప్పట్లు మార్చాను, ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాను. వాసన వచ్చేది సాంబ్రాణి గిన్నె పెట్టిన చోటు కింద నుంచే అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

ఇంట్లో వేడి గాలి పైకి పోతూ ఉంటే, కింది నుంచి గాలిని పైకి లాక్కుంటూ ఉంటుందిట. క్రాల్ స్పేస్‌లో ఏ గాలి ఉంటే అందులో కొంత మనం పీలుస్తాం. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. దగ్గుకి అదే కారణమని డాక్టర్ చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ తెలిశాక చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆ సాయంత్రం సంగతికి వస్తాను. నేను కిందికి దిగబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు కరెంటు. కింద ఏ తీగ తడిసిందో తెలియకుండా నీళ్ళలో కాలు పెట్టకు" అన్నారు. హీటర్ ఆపించారు, కిందికి వెళ్ళే సర్క్యూట్ల బ్రేకర్లు ఆపించారు. వాళ్ళింట్లోంచి చిన్న పంపు ఒకటి, తోట పైపు ఒకటి తెప్పించారు. పంపుకి తాడు కట్టి, మూత దగ్గర నుంచే నీళ్ళలోకి దించి, ప్లగ్గు పొడిగా ఉన్న వంటింటి వైపు పెట్టించారు. పైపు కొసని కిటికీలోంచి ముందు వాకిలి దాకా లాగాం. పంపు ఆన్ చేస్తే పైపు ఒక్కసారి వణికి, ఎర్రమట్టి నీళ్ళు వీధి అంచులోకి పడ్డాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అప్పుడు గుంటూరులో తెల్లవారుజామున అయిదున్నర. మా ఆయనకి ఫోన్ చేస్తే, "హ్యాపీ న్యూ ఇయర్" అన్నారు. "ఏవండీ, మన ఇంటి కింద పంపు ఉందని మీకు తెలుసా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఏదో చూసినట్టు గుర్తు" అన్నారు.

రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ రిపోర్టు తీసి చదివాను. ముప్పై ఎనిమిదో పేజీ. పునాది గోడ లోపలి వైపు తెల్లటి ఉప్పు పూత ఉంది, గతంలో నీళ్ళు నిలిచిన ఆనవాళ్ళు ఉన్నాయి, మూలన పాత సంప్ పంపు ఉంది, పనిచేయడం లేదు, నిపుణులకి చూపించుకోండి. ఫోటోతో సహా ఉంది. అమ్మినవాళ్ళు ఇచ్చిన కాగితాల్లో కూడా డ్రైనేజీ సమస్య దగ్గర టిక్కు పెట్టే ఉంది. ఈ రాష్ట్రంలో ఇల్లు అమ్మేవాళ్ళు తమకి తెలిసిన ఇలాంటి సంగతులు రాసి ఇవ్వాలి. వాళ్ళు ఇచ్చారు. మేమే చదవలేదు. అమ్మాయి డాన్స్ క్లాసు బయట కారులో కూర్చుని, ఫోన్ మీద వేలితో వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయింది నేనే. ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ దొరకలేదు.

తెల్లారి చూస్తే, రాత్రంతా తోడిన నీళ్ళలో సగం మళ్ళీ వచ్చి ఉన్నాయి. ఊటబావి ఊరినట్టు.

నిజానికి అది ఊటే. ఫ్రీమాంట్ నేల కింద నీళ్ళ కథ పెద్దది. అలమీడా క్రీక్ నైల్స్ కాన్యన్ లోంచి బయటపడి, వేల ఏళ్ళుగా గులకరాళ్ళూ ఇసకా మట్టీ తెచ్చి పరిచిన నేల మీద కట్టిన ఊరు ఇది. ఆ కిందున్న నీటిని కాపాడుకోవడానికే 1914లో ఇక్కడి నీటి సంస్థ, అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్, పుట్టింది. మనం పిల్లల్ని ఈతకి తీసుకెళ్ళే క్వారీ లేక్స్ ఒకప్పుడు గులకరాళ్ళు తవ్విన గుంటలు. ఇప్పుడు క్రీకు నీళ్ళని వాటిలోకి మళ్ళించి, భూమిలోకి ఇంకిస్తారు. దానికి తోడు హేవర్డ్ ఫాల్ట్ ఊరి మధ్యలోంచి పోతుంది. అది భూమి లోపల గోడలాగా నీటికి అడ్డు పడుతుంది. అందుకే ఫాల్ట్‌కి తూర్పు పక్క నీటి మట్టం పడమటి పక్క కన్నా ఎత్తులో ఉంటుంది. వరదలు కూడా ఈ ఊరికి కొత్త కాదు. 1955 క్రిస్మస్ రోజుల్లో క్రీకు పొంగి ఈ ప్రాంతాన్ని ముంచింది. నెల తిరక్కుండా, 1956 జనవరిలో, అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఫ్రీమాంట్ అయ్యాయి. క్రీకుకి ఇప్పుడున్న వెడల్పాటి కట్టల కాలువ ఆ తర్వాత కట్టిందే. కాలువ వచ్చాక క్రీకు పొంగి ఇళ్ళ మీదకి రావడం తగ్గింది గానీ, మన కప్పు మీద పడిన వానా, మన కింద ఊరే నీరూ ఆ కాలువ ఆపేవి కావు. అవి మన పనే.

జనవరి రెండో వారం దాకా ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు వస్తూనే ఉన్నాయి. ఊళ్ళో ఏ హార్డ్‌వేర్ షాపులోనూ పంపు దొరకలేదు. పెద్దావిడ పంపుతోనే నెట్టుకొచ్చాం. ఆ మధ్యలోనే ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచాను.

మొదటాయన టాబ్లెట్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి, క్రాల్ స్పేస్ మొత్తం మందపాటి తెల్ల షీటుతో మూసేయాలని, 32,000 డాలర్లని, ఈ రోజే సంతకం పెడితే పది శాతం తగ్గిస్తానని అన్నాడు. రెండో ఆయన కిందికి దిగనే లేదు. మూత దగ్గర వంగి చూసి 18,000 అన్నాడు. మూడో ఆయన ముందు ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నీళ్ళ మీటరు మూత తీసి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయమన్నాడు. మీటరు ముల్లు కదలడం లేదు గనక పైపు పగల్లేదని తేల్చాడు. ఆ తర్వాత పొడుగు బూట్లు వేసుకుని కిందికి దూరి, నలభై నిమిషాల తర్వాత మెడ దాకా బురదతో పైకి వచ్చాడు. ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "ఈ మడి ఎవరిది?" అని అడిగాడు.

నాదే. దక్షిణం గోడని ఆనుకుని నేను కట్టించుకున్న గోంగూర, తోటకూర మడి. ఎండ బాగా తగులుతుందని అక్కడే కట్టించాను. మట్టి ఎత్తు పెంచి, గోడకున్న రెండు జాలీలు మూసేశాను. రోజూ పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోశాను. ఆ పక్కనే కప్పు మీది నీళ్ళు దిగే గొట్టం సరిగ్గా పునాది మొదట్లో పడుతోంది. రెండో వైపు మేము పోయించుకున్న కొత్త కాంక్రీటు వాకిలి వాలు ఇంటి వైపుకే ఉంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్న వాకిలి అది.

ఆయన ఒక లెక్క చెప్పాడు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 620 గాలన్లు, అంటే 2,300 లీటర్ల పైమాటే. మా కప్పు 1,500 చదరపు అడుగులు. మూడు అంగుళాల వానకి పది వేల లీటర్లు దాటుతుంది. మా విజయవాడ ఇంటి సంపు అయిదు వేల లీటర్లది. రెండు సంపుల నీళ్ళని నేనే గొట్టం పెట్టి మా పునాది పక్కన పోసుకుంటున్నానన్న మాట.

"ముందు పై నీళ్ళని దూరంగా పంపండి. అప్పటికీ మిగిలింది కింద ఊరే నీరు. దానికి పంపు. ఈ వరస తప్పితే పంపు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు. 6,800 డాలర్లు అడిగాడు. ఆయనకే ఇచ్చాం.

సంక్రాంతికి మా ఆయన తిరిగొచ్చారు. మొదటి పని మడి పీకేయడం. గోంగూర మొక్కలు పెద్ద కుండీల్లోకి మార్చి కంచె దగ్గర పెట్టుకున్నాను. గట్టర్లు శుభ్రం చేయించి, దిగే గొట్టాలకి పొడుగు పైపులు తగిలించి పది అడుగుల అవతలికి నీళ్ళు పోయేలా చేశాం. ఇంటి చుట్టూ మట్టిని సరిచేయించాం, గోడ నుంచి పది అడుగుల్లో ఆరు అంగుళాలు వాలు ఉండేలా. ఆ వాలు కోసం మేము మురిసిపోయిన వాకిలిలో కొంత భాగం పగలగొట్టాల్సి వచ్చింది.

తర్వాత కింద పని. పునాది లోపలి వైపు చిన్న కాలువ తవ్వి, కంకర వేసి, చిల్లుల పైపు పరిచారు. ఆ పైపు నీళ్ళన్నీ బాగా పల్లంగా ఉన్న మూలకి తెస్తుంది. అక్కడ రెండడుగుల లోతు గుంటలో ప్లాస్టిక్ తొట్టి. పునాదికి మరీ దగ్గరగా తవ్వితే గోడ కింద మట్టి జారుతుందని, కాస్త ఎడంగానే తవ్వారు. ఆ తొట్టిలో పంపు. నీరు పెరిగితే ఫ్లోట్ స్విచ్ పైకి తేలి పంపు మొదలవుతుంది, తగ్గితే ఆగిపోతుంది. తోసిన నీరు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ ఉంటుంది. మూడో వంతు హార్స్ పవర్ మోటారే గానీ, గంటకి రెండు వేల గాలన్లు తోస్తుంది. నేల బాగా ఆరాక, కొన్ని వారాల తర్వాత, మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచారు.

నీళ్ళు ఎక్కడ వదలాలన్న దగ్గర కాస్త చర్చ జరిగింది. పక్క సందులో వదిలేస్తే పని సులువు. కానీ అక్కణ్ణుంచి పక్కింటి కంచె కిందికి పోతాయి. మన ఊళ్ళలో చూరు నీళ్ళ దగ్గర తరాల తరబడి నడిచిన తగాదాలు విన్నదాన్ని, వద్దన్నాను. మురుగు పైపులోకి కలపడం నిషిద్ధం. చివరికి సిటీ పర్మిట్ తీసుకుని, వీధి అంచు దాకా పైపు వేయించాం. వీధి అంచు నుంచి అవి వాన కాలువలోకి, అక్కణ్ణుంచి శుద్ధి ఏమీ లేకుండా నేరుగా బేలోకి పోతాయి.

పని జరుగుతుండగా విజయవాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావే అంటే, "ఇంటి కింద సంపు పెట్టిస్తున్నామమ్మా" అన్నాను.

"అదేమిటే, అక్కడ కూడా నీళ్ళు రావా?" అంది.

చాలాసేపు నవ్వుకున్నాం. మన దగ్గర సంపు అంటే నీళ్ళు దాచుకునే తొట్టి. చిన్నప్పుడు తెల్లవారుజామున మున్సిపాలిటీ నీళ్ళు వచ్చే వేళకి అమ్మ లేచేది. సంపు నిండిందో లేదో మూత తీసి చూసేది. మోటారు వేసి పైట్యాంకు నింపేది. "మోటారు ఆపావా? ట్యాంకు పొర్లిపోతోంది" అన్న కేక వినకుండా మాకు ఒక్క రోజు గడిచేది కాదు. ఇక్కడ సంప్ అంటే నీళ్ళని బయటికి తోసే గుంట. మాట అదే, మోటారు అదే, ఫ్లోటూ అదే, దిశ మాత్రమే వేరు. అమ్మకి ఏ పంపు ఎప్పుడు ఆడాలో, ఏ చప్పుడు వస్తే ఫుట్‌వాల్వ్ పోయిందో తెలుసు. ఆ ఇంట్లో నీళ్ళ వ్యవహారం అంతా ఆవిడదే. నేనేమో చదువుకుని, ఉద్యోగం చేస్తూ, ఇంటి అప్పులో సగం కడుతూ, నా ఇంటి కింద ఏముందో తెలియకుండా ఏడాదిన్నర దీపం పెట్టుకున్నాను. అది మగవాళ్ళ పని అని ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఫిబ్రవరి చివరికి పని పూర్తయింది. మార్చి 14న పెద్ద గాలివాన వచ్చింది. బే ఏరియాలో ఎన్నో ఇళ్ళకి కరెంటు పోయింది. మాకు మధ్యాహ్నం పోయింది. వాన పడుతూనే ఉంది. కొత్త పంపు కింద నిశ్శబ్దంగా కూర్చుంది. పంపు అత్యవసరమైన రోజే కరెంటు పోయే రోజు కూడా అని ఖర్చు తగ్గించుకునేటప్పుడు మాకు తోచలేదు. బ్యాటరీ పంపు అదనంగా 1,400 డాలర్లు అంటే "తర్వాత చూద్దాం" అన్నది మేమే. మూత తీసి టార్చి వేసుకుని కూర్చున్నాం, ఇద్దరం. ప్రతి పది నిమిషాలకీ తొట్టిలో నీరు ఒక వేలు పెరుగుతోంది. తొట్టి నిండి, షీటు మీదకి పాకడం మొదలుపెట్టిన కాసేపటికి కరెంటు వచ్చింది. పంపు గుర్రుమంది. ఆ వారమే బ్యాటరీ పెట్టించాం.

ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో, వానలకి ముందు, ఒక ఆదివారం మందిరం జరుపుతాం. ఆ రోజు దేవుడి సామాన్లు తోమడం కూడా పెట్టుకున్నాను, రెండు పనులూ కలిసొస్తాయి. మా అమ్మాయి రెండు బకెట్లు తొట్టిలో పోస్తుంది. ఫ్లోటు లేచిందా, పంపు పలికిందా, బయట పైపులోంచి నీళ్ళు వచ్చాయా, నీరు తగ్గాక ఆగిందా, నాలుగూ చూస్తాం. తర్వాత మెయిన్ ప్లగ్గు తీసి, బ్యాటరీ పంపు తనంతట తాను అందుకుంటుందో లేదో చూస్తాం. గట్టర్లలో ఆకులు తీస్తాం. తొట్టి పక్కన ఇరవై డాలర్ల నీటి అలారం ఒకటి పెట్టాం, తడి తగిలితే కీచుమంటుంది. పంపు పదేళ్ళు దాటితే పాడయ్యేదాకా ఆగకుండా మార్చేయాలని మూత అడుగున తేదీ రాసి పెట్టాను. బీమా సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను. మామూలు ఇంటి బీమా వరద నీటికి వర్తించదు. వరద బీమా విడిగా తీసుకోవాలి, తీసుకున్నాక కూడా సాధారణంగా 30 రోజులు గడిస్తే గానీ అమల్లోకి రాదు. మబ్బు పట్టాక కొంటే లాభం లేదు.

ఇదంతా నేర్చుకున్నాననే ధీమాతో ఉండగా 2024 సెప్టెంబర్ 1 వచ్చింది. విజయవాడలో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అమ్మ ఉండేది అటే. పైవాటా వాళ్ళింట్లో తలదాచుకుంది. కింద మా వాటాలో మంచం మునిగింది, ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలింది. సంపులోకి బురదనీరు చేరింది, మోటారు కాలిపోయింది.

నాలుగో రోజు ఫోన్ కలిసినప్పుడు అమ్మ అడిగింది. "మీ ఇంటి కింద పెట్టించుకున్నారే, అలాంటి పంపు మనింటికి కూడా పెట్టిస్తే?"

ఏం చెప్పను? ఆ పంపు పని చేసేది నీళ్ళు తోయడానికి పల్లం ఉన్నప్పుడే. వీధే చెరువైపోతే, తోడిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలి? నా 6,800 డాలర్లూ, బ్యాటరీ, అలారం అన్నీ మా వీధి కాలువ ఖాళీగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డవే. ఆ కాలువ ఖాళీగా ఉండేది పైన ఎవరో క్రీకుకి కట్టలు కట్టి, కనిపెట్టుకుని ఉండబట్టే. ఇంటి కింద పంపు మన చేతిలో పని, ఊరి కాలువ అందరి పని. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడానికి లేదు. అమ్మకి అదే చెప్పాను. "అవునులే, ముందు ఆ బుడమేరు సంగతి చూడాలి" అంది. వారం తర్వాత ఆవిడే దగ్గరుండి సంపు తోడించి, కడిగించి, బ్లీచింగ్ పౌడర్ వేయించి, కొత్త మోటారు పెట్టించుకుంది. నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

పోయిన డిసెంబర్‌లో మా వీధిలో కొత్తగా ఒక తెలుగు కుటుంబం దిగింది. మాలాంటి ఇల్లే. గృహప్రవేశానికి వెళ్తే ఆ అమ్మాయి ఇల్లంతా తిప్పి చూపిస్తూ, "ఇది కోట్ల క్లోజెట్ అక్కా, పూజకి బావుంటుంది కదా?" అంది.

"బావుంటుందమ్మా" అన్నాను. "ముందు ఒక టార్చి ఉంటే తీసుకురా."